స్నైపర్ అవుతానన్న ఉప్పల్ తమ్ముడికి, ఒక పాత పారాట్రూపర్ జవాబు

ప్రశ్న: "సార్, నాది ఉప్పల్. 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. స్పెషల్ ఫోర్సెస్‌లో స్నైపర్‌గా చేరాలని ఉంది. పారా కమాండో, ఎన్‌ఎస్‌జీ, మార్కోస్, గ్రేహౌండ్స్... వీటిల్లో టాప్ ఏది? ట్రైనింగ్‌లో ఎక్కువమంది ఎక్కడ ఫెయిల్ అవుతారు? హైదరాబాద్‌లో స్నైపర్ కోచింగ్ ఎక్కడైనా ఇస్తారా? ఇంకోటి, భుజం మీద బలిదాన్ టాటూ వేయించుకుందామనుకుంటున్నా. పర్వాలేదా?"

తమ్ముడూ, నేను పారాచూట్ రెజిమెంట్‌లో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నా. ముందే చెప్పేస్తాను, నేను స్పెషల్ ఫోర్సెస్ వాణ్ణి కాదు. ఆ ప్రొబేషన్‌కి, అంటే మనిషి పనికొస్తాడో లేదో చూసే పరీక్షా కాలానికి వెళ్లి, మధ్యలోనే వెనక్కి వచ్చినవాణ్ణి. కాబట్టి నీ మిగతా ప్రశ్నల సంగతి ఎలా ఉన్నా, 'ఎక్కడ ఫెయిల్ అవుతారు' అన్నదానికి మాత్రం నా దగ్గర గట్టి జవాబే ఉంది.

మొదట పేర్ల సంగతి చూద్దాం. టీవీ వాళ్లు నల్లబట్టలు వేసుకుని తుపాకీ పట్టుకున్న ప్రతివాణ్ణీ కమాండో అనేస్తారు. ఆ మాట దక్షిణాఫ్రికాలోని బోయర్లది. గుర్రాల మీద వచ్చి కొట్టి మాయమయ్యే దళాలకు వాళ్లు పెట్టుకున్న పేరు. 1940లో బ్రిటిష్ వాళ్లు తమ దాడి దళాలకు అదే పేరు తీసుకున్నారు, మనకు అక్కణ్ణుంచి వచ్చింది. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ నడిపిన మేఘదూత్ ఫోర్స్ ఉండేది. దాని అనుభవంతోనే 1966లో 9 పారా కమాండో బెటాలియన్ పుట్టింది. ఆ మరుసటి ఏడాది ఎడారి పనికి 10వది వచ్చింది. తర్వాత 'కమాండో' అన్న మాట పోయి 'స్పెషల్ ఫోర్సెస్' వచ్చింది. అయినా మా ఊళ్లో నన్ను ఇప్పటికీ పారా కమాండో అనే పరిచయం చేస్తారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

పారా వేరు, పారా ఎస్‌ఎఫ్ (స్పెషల్ ఫోర్సెస్) వేరు. రెజిమెంట్ ఒకటే, మెరూన్ టోపీ ఇద్దరికీ ఉంటుంది, విమానం నుంచి ఇద్దరూ దూకుతారు. తేడా పనిలో ఉంది. 1971 డిసెంబర్ 11న 2 పారా బెటాలియన్ తూర్పు పాకిస్తాన్‌లో టంగైల్ దగ్గర దూకి పూంగ్లీ వంతెనను పట్టుకుంది. ఒక బెటాలియన్ మొత్తం ఒకేసారి దిగి, ఒక చోటును ఆక్రమించి, వెనక మన సైన్యం వచ్చి కలిసేదాకా నిలబడటం పారా పని. అదే నెలలో 9 పారా కమాండో వాళ్లు కొద్దిమంది పూంచ్ వైపు నుంచి చీకట్లో నది దాటి వెళ్లి, మంధోల్ దగ్గర పాకిస్తాన్ ఫిరంగులను పేల్చేసి తెల్లారేలోపు బయటపడ్డారు. లెఫ్టినెంట్ కల్నల్ భవానీ సింగ్ నాయకత్వంలో 10 పారా వాళ్లు జీపుల్లో ఎడారి దాటి సింధ్‌లోకి చాలా లోపలికి పోయి ఛాఛ్రో మీద దాడి చేశారు. ఆయన జైపూర్ రాజవంశీకుడు, మహావీర చక్ర గ్రహీత. వెళ్లడం, పని ముగించడం, రావడం. నిలబడి ఆక్రమించడం వాళ్ల పని కాదు. ఈ ఒక్క తేడా అర్థమైతే ట్రైనింగ్ ఎందుకు అలా ఉంటుందో సగం అర్థమైనట్టే.

నువ్వు అడిగిన బలిదాన్ బ్యాడ్జ్ ఈ ఎస్‌ఎఫ్ వాళ్లదే. నిలువుగా కత్తి, దానికి రెక్కలు, కింద దేవనాగరిలో 'బలిదాన్' అని ఉంటుంది. మామూలు పారా వాళ్లం మేం కూడా అది పెట్టుకోకూడదు. 2019 వరల్డ్‌కప్‌లో ధోనీ కీపింగ్ గ్లవ్స్ మీద అది కనిపించి ఐసీసీ తీసేయమన్నది గుర్తుందా? అప్పటినుంచే మన పిల్లలకు ఈ బ్యాడ్జ్ పిచ్చి పట్టిందని నా అనుమానం.

ఇక మిగతావాళ్లు. నేవీ వాళ్ల దళం మార్కోస్, 1987లో మొదలైంది. ముంబైలో ఐఎన్‌ఎస్ అభిమన్యు వాళ్ల పాత స్థావరం. మన వైజాగ్ దగ్గర 2016 నుంచి ఐఎన్‌ఎస్ కర్ణ ఉంది. ఎయిర్ ఫోర్స్ వాళ్లది గరుడ్, 2004 నుంచి. ఎన్‌ఎస్‌జీని ఇందిరాగాంధీ హయాంలో జరిగిన ఘటనల తర్వాత 1984లో పెట్టారు. అది హోంశాఖ కింద ఉంటుంది. దాంట్లోకి నేరుగా రిక్రూట్‌మెంట్ లేదు. సైన్యం నుంచి, కేంద్ర పోలీసు బలగాల నుంచి కొన్నేళ్ల డెప్యుటేషన్ మీద వెళ్తారు. బందీలను విడిపించే స్పెషల్ యాక్షన్ గ్రూప్‌లో అందరూ సైన్యం వాళ్లే. 26/11 తర్వాత 2009లో మన హైదరాబాద్‌లో కూడా వాళ్ల హబ్ పెట్టారు, ఢిల్లీ దగ్గర మానేసర్‌లో ఉన్న వాళ్ల స్థావరం నుంచి విమానంలో వచ్చేదాకా ఆగక్కర్లేకుండా. గ్రేహౌండ్స్ పూర్తిగా పోలీసులు. 1989లో కె.ఎస్. వ్యాస్ గారు కట్టిన దళం, అడవిలో చిన్న గుంపులుగా రోజుల తరబడి నడిచే పద్ధతి ఆయన పెట్టిందే. 1993 జనవరిలో ఎల్బీ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా ఆయన్ని నక్సలైట్లు కాల్చి చంపారు. అందులోకి వెళ్లాలంటే నువ్వు రాష్ట్ర పోలీసు పరీక్ష రాయాలి, సైన్యానికి దానితో సంబంధం లేదు.

టాప్ ఏది అంటే ఏం చెప్పను? గరిటె గొప్పదా కత్తిపీట గొప్పదా అని మీ అమ్మని అడుగు. నల్లమలలో నాలుగు రోజులు నడవమంటే గ్రేహౌండ్స్ వాడి ముందు మేం ఆగలేం. సముద్రంలో కదిలే ఓడ మీదికి ఎక్కమంటే గ్రేహౌండ్స్ వాళ్లూ మేమూ కలిసి మార్కోస్ వాణ్ణి వెతుక్కోవాలి.

ప్రొబేషన్ దగ్గరికి వస్తా. నాకు నిజంగా చెప్పాలని ఉన్నది ఇదే.

పారా అయినా ఎస్‌ఎఫ్ అయినా అందరూ వాలంటీర్లే. ఎవరూ బలవంతంగా పంపరు, ఎవరూ బలవంతంగా ఉంచరు. ఏ క్షణంలోనైనా చెయ్యెత్తి "సాబ్, నా వల్ల కాదు" అంటే ఆ సాయంత్రం లంగర్‌లో కడుపునిండా తిని, మర్నాడు నీ యూనిట్‌కి బండెక్కొచ్చు. దాన్ని ఆర్‌టీయూ అంటారు, యూనిట్‌కి తిప్పి పంపడం అని. ప్రొబేషన్ నెలల తరబడి ఉంటుంది. అక్కడ పేరుండదు, ర్యాంకుకి విలువుండదు, నంబర్ మాత్రమే. నాది 14. ఆఫీసర్ కూడా మనతోపాటే బురదలో ఉంటాడు, అతనికీ ఒక నంబరే. పిట్టూ వేసుకుని, రైఫిల్ పట్టుకుని 10, 20, 30, 40 కిలోమీటర్ల స్పీడ్ మార్చ్‌లు. పిట్టూ అంటే వీపు సంచి, అందులో ఇటుకలో ఇసుకో ఉంటుంది, మొదలయ్యే ముందూ ముగిశాకా తూస్తారు. నిద్ర ఎప్పుడిస్తారో తెలియదు. ఇచ్చినా గంటలో లేపి, రాత్రి చూపించిన ఫొటోలో ఎడమవైపు నిలబడ్డవాడి చొక్కా రంగేంటి అని అడుగుతారు. దేహం అప్పటికే పోయి ఉంటుంది, బుర్ర ఉందా లేదా అని చూడటానికి.

నేను పరుగులో మొదటి ఐదుగురిలో ఉండేవాణ్ణి. చిన్నప్పటి నుంచి మోట కొట్టిన ఒళ్లు. నాకు టెన్షన్ లేదు, పాస్ అయిపోయాననే అనుకున్నా. ఆరో వారంలో ఒక రాత్రి ఆరుగురం కలిసి నడక. నీళ్లు మనిషికి ఒక్క బాటిల్. తెల్లారుజామున నా బడ్డీ నీళ్లయిపోయి నన్ను అడిగాడు. నా దగ్గర సగం ఉంది. "లేవు రా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. దాహం కూడా అంత లేదు. ఇంకా ఎన్ని కిలోమీటర్లో తెలియదు, దాచుకుందామనిపించింది. ఉస్తాద్, అంటే మాకు ట్రైనింగ్ ఇచ్చే ఆయన, మా వెనకే నడుస్తున్నాడు. ఏమీ అనలేదు. గమ్యం చేరాక అందరినీ నిలబెట్టి, "నంబర్ 14, నీ బాటిల్ తిరగెయ్" అన్నాడు. తిరగేశాను. నీళ్లు నేల మీద పడుతుంటే ఐదుగురూ చూశారు.

మధ్యాహ్నానికి నా ఆర్‌టీయూ కాగితం తయారైంది. రగడా (ఒళ్లు హూనమయ్యే శిక్ష) లేదు, తిట్టు లేదు. మామూలుగా చిన్న తప్పుకి గంటసేపు ఫ్రంట్ రోల్ కొట్టించే మనిషి ఆరోజు నన్ను టీ తాగమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. ఆ ఆరుగురిలో చివరిదాకా నిలిచింది ఇద్దరు. అందులో ఒకడు మా అందరిలోకీ నెమ్మదిగా పరిగెత్తేవాడు, ప్రతి మార్చ్‌లోనూ టైమ్‌కి ఆఖరి నిమిషంలో వచ్చేవాడు.

కాళ్లు విరిగి, మోకాళ్లు వాచి, జ్వరమొచ్చి పోయేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు బాగయ్యాక మళ్లీ రావొచ్చు. నాలాంటి కారణంతో పోయినవాణ్ణి మళ్లీ పిలవరు.

ప్రొబేషన్ దాటినవాడికి అసలు ట్రైనింగ్ అప్పుడే మొదలవుతుంది. దూకడం ఆగ్రాలో, పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో. ఇది నేనూ చేశాను కాబట్టి చెప్తాను. బేసిక్ కోర్సులో ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రి. సుమారు 1,250 అడుగుల ఎత్తు నుంచి. పారాచూట్‌ని మనం తెరవక్కర్లేదు. విమానంలో ఒక తీగకి మన పట్టీ తగిలించి ఉంటుంది, బయటికి అడుగు వేయగానే అదే లాగి తెరుస్తుంది. దాన్ని స్టాటిక్ లైన్ అంటారు. వరసగా దూకే గుంపుని స్టిక్ అంటారు, దిగే మైదానాన్ని డీజెడ్. తలుపు దగ్గర ఎర్ర లైటు, తర్వాత పచ్చ లైటు, వీపు మీద చెయ్యి. నాకు మొదటి జంప్ ఏమీ గుర్తులేదు. అందరూ అదే చెప్తారు. రెండోది భయంకరం, ఎందుకంటే అప్పటికి సంగతి తెలుసు. నేల తగిలే పద్ధతి మాత్రం విమానం ఎక్కకముందే వందలసార్లు చేయిస్తారు. కాళ్లు దగ్గరగా, మోకాళ్లు కొద్దిగా వంచి, పాదం, పిక్క, తొడ, పిరుదు, భుజం అలా పక్కకి దొర్లాలి. ఎస్‌ఎఫ్ వాళ్లు దీని తర్వాత ఫ్రీ ఫాల్‌కి వెళ్తారు. చాలా ఎత్తు నుంచి దూకి కిందికొచ్చాక తెరవడం హేలో. ఎత్తులోనే తెరిచి గాలిలో మైళ్ల దూరం తేలుకుంటూ పోవడం హేహో. ఇవి కాక మంచు కొండలకి గుల్మార్గ్, అడవికి మిజోరంలో వైరెంగ్టే, నీటి కింద పనికి కొచ్చిలో నేవీ డైవింగ్ స్కూల్, హిమాచల్‌లోని బక్లోహ్‌లో స్పెషల్ ఫోర్సెస్ ట్రైనింగ్ స్కూల్. బెళగావిలో కమాండో కోర్సు కూడా ఉంది గానీ అది మామూలు పదాతిదళం వాళ్లూ చేస్తారు. ప్రతి పదాతి బెటాలియన్‌లో ఘాతక్ ప్లాటూన్ అని ఒకటి ఉంటుంది. కార్గిల్‌లో టైగర్ హిల్ ఎక్కి పరమవీర చక్ర తెచ్చుకున్న యోగేంద్ర సింగ్ యాదవ్ 18 గ్రెనేడియర్స్ ఘాతక్ ప్లాటూన్ కుర్రాడే. అప్పటికి ఆయనకి నీ వయసే, 19.

ఇప్పుడు స్నైపర్ సంగతి. అక్కడ 'నేను ఇది అవుతాను' అని చెప్పుకుని చేరడం ఉండదు. ఎస్‌ఎఫ్ బెటాలియన్‌లో కంపెనీ బదులు టీమ్ అంటారు, దాని కింద ట్రూప్, దాని కింద స్క్వాడ్. స్క్వాడ్ అంటే పట్టుమని పదిమంది ఉండరు. వాళ్లలోనే ఒకడు పేలుడు పదార్థాలు చూస్తాడు, ఒకడు రేడియో, ఒకడు ఆయుధాలు, ఒకడు దారి, ఒకడు వైద్యం. ప్రతివాడూ ఇంకొకడి పని కూడా నేర్చుకుంటాడు, ఎందుకంటే రేడియో వాడికే గుండు తగిలితే హెలికాప్టర్‌ని పిలిచేదెవరు? ఎవరికి ఏ పని అబ్బుతుందో పైవాళ్లు చూసి ఇస్తారు.

నేను వెనక్కొచ్చాక మా బెటాలియన్‌లో నన్ను బీఎఫ్‌ఎన్‌ఏ కోర్సుకి పంపారు. బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్. డాక్టర్ లేని చోట డాక్టర్ వచ్చేదాకా ప్రాణం పోకుండా పట్టుకునేవాడు. మొదట్లో నామోషీగా అనిపించింది, తుపాకీ పట్టుకోవాల్సినవాణ్ణి కట్లు కట్టడమేంటని. కాలి నుంచి రక్తం చిమ్ముతున్నప్పుడు ముందు ఏం చేయాలో తెలుసా? గాయం కడగడం కాదు. పైన తొడకి టోర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించి, బిగించిన టైమ్ వాడి ఒంటి మీదే రాయాలి. ఆ టైమ్ రాయకపోతే తర్వాత ఆపరేషన్ చేసే డాక్టర్ చీకట్లో ఉన్నట్టే. మొదటి గంటలో హాస్పిటల్ చేరితే బతుకుతాడంటారు. కొండల్లో మంచు పడితే హెలికాప్టర్ రాదు, ఆ గంట కాస్తా తెల్లారిపోతుంది. స్క్వాడ్‌లో మెడిక్ బ్యాగ్ అందరికన్నా బరువు. కానీ నడకలో దాన్ని ఎవరో ఒకరు అడక్కుండానే కాసేపు మోస్తారు, అదొక మర్యాద.

స్నైపర్ కోచింగ్ హైదరాబాద్‌లో లేదు, ఇంకెక్కడా బయట ఉండదు. సైన్యంలో చేరి, మంచి గురి ఉన్నవాడివని తేలితే, మహూలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్‌లాంటి చోటికి కోర్సుకి పంపుతారు. "స్నైపర్ బేసిక్స్" అని ఎయిర్‌గన్ పెట్టి ఫీజు అడిగే అకాడమీ కనిపిస్తే అటు పోకు. ఆ పని కూడా నువ్వు ఊహించినట్టు ఉండదు. స్నైపర్ ఒక్కడే ఉండడు, పక్కన స్పాటర్ ఉంటాడు. ఇద్దరూ కదలకుండా పడుకుని గంటల తరబడి చూడటం, చూసింది రాసుకోవడం. ఎవరు వచ్చారు, ఏ దారిన, ఎన్నిసార్లు. ఒక్క గుండు కాల్చకుండా తిరిగొచ్చే రోజులే ఎక్కువ. ఆ నోట్‌బుక్ కోసమే పంపుతారు చాలాసార్లు. చీమలు కుడతాయి, ఒంటేలు అక్కడే. పరుగు పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఇక్కడ తేలిపోతారు.

లెక్కలు కూడా రావాలి. రైఫిల్ మీది స్కోప్‌లో మిల్ గీతలుంటాయి. వస్తువు కంటికి ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పే కొలత మిల్. వస్తువు ఎత్తు మీటర్లలో తీసుకుని, వెయ్యితో గుణించి, అది ఎన్ని మిల్స్ కనిపిస్తుందో దాంతో భాగిస్తే దూరం వస్తుంది. 1.8 మీటర్ల మనిషి 3 మిల్స్ కనిపిస్తే 600 మీటర్లు. ఇది స్కోప్ లేకుండా నేర్చుకోవచ్చు. చెయ్యి పూర్తిగా చాస్తే ఒక వేలి మందం సుమారు 30 మిల్స్. ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లి, చెయ్యి చాచి, చూపుడు వేలిని అడ్డంగా పెట్టి బుద్ధ విగ్రహాన్ని చూడు. విగ్రహం సుమారు 18 మీటర్లు. నీ వేలు దాన్ని సరిగ్గా కప్పితే నువ్వు 600 మీటర్ల దూరంలో ఉన్నావు. వేలికన్నా పైకి కనిపిస్తే ఇంకా దగ్గర. నడుస్తూ ఐదారు చోట్ల నిలబడి లెక్క వేసి, తర్వాత ఫోన్ మ్యాప్‌లో కొలుచుకుని చూడు. నీకు ఇది ఆటలా అనిపిస్తే నీలో ఏదో ఉన్నట్టే. బోర్ కొడితే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది, ఖర్చు ఉప్పల్ నుంచి బస్ చార్జీ.

ఇంకో సంగతి, దీన్ని సినిమాలు ఎప్పుడూ చూపించవు. ఆపరేషన్‌లో ఎక్కువ ఆలోచించేది తిరిగి రావడం గురించి. ఎక్స్‌ఫిల్ట్రేషన్ అంటారు. వెళ్లిన దారిన రాకూడదు, అలవాటైన చోట ఆగకూడదు, పని అయిపోయిందన్న ఊపిరి వదలకూడదు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో జరిగింది అదే. కూంబింగ్ ముగించుకుని గ్రేహౌండ్స్ వాళ్లు లాంచీలో తిరిగొస్తుంటే గట్టు మీది కొండ నుంచి మావోయిస్టులు కాల్చారు. నీళ్ల మధ్యలో దాక్కోవడానికేముంది? 38 మంది పోయారు. తుపాకీ పనిలో మన వాళ్లు ఎవరికీ తీసిపోరు, అయినా ఆ రోజు అది అక్కరకు రాలేదు.

నువ్వు ఇప్పుడు చేయగలిగింది చెప్తా. రెండు దారులున్నాయి. అగ్నివీర్‌గా వెళ్తే ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, తర్వాత ర్యాలీ. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెత్తితే, 10 పుల్‌అప్స్ తీస్తే పూర్తి మార్కులు. నాలుగేళ్లు, ఆ తర్వాత నలుగురిలో ఒకరిదాకా మాత్రమే పర్మినెంట్ చేస్తారు, అది మనసులో పెట్టుకో. పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం బెంగళూరులో ఉంది. రెండో దారి, డిగ్రీ పూర్తిచేసి సీడీఎస్ (సైన్యం ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాసి ఆఫీసర్‌గా వెళ్లి, అక్కణ్ణుంచి వాలంటీర్ అవ్వడం. ఇంకో ఏడాదిన్నర ఆగితే డిగ్రీ చేతిలో ఉంటుంది కదా, నన్నడిగితే రెండోదానికే నా ఓటు. మీ ఇంట్లో డబ్బు అవసరం ఎంత ఉందో నాకు తెలియదు, దాన్ని బట్టి నువ్వే చూసుకో. వయసు, ఎత్తు నిబంధనలు మారుతుంటాయి, తాజా నోటిఫికేషన్‌లో చదువుకో.

బరువు సంచితో రోడ్డు మీద పరిగెత్తకు. మా గ్రౌండ్‌కి వచ్చే పిల్లల్లో ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు వీడియోలు చూసి 20 కిలోల ఇసుకతో తారురోడ్డు మీద పరిగెత్తి మోకాళ్లు పాడుచేసుకుంటున్నారు. మొదటి ఆరు నెలలు బరువు లేకుండా మట్టి నేల మీద పరుగు, ఈత, తాడు ఎక్కడం. బరువుతో నడక చాలు, అదీ 8 కిలోలతో మొదలుపెట్టు. హిందీ మాట్లాడటం నేర్చుకో. మన తెలుగు కుర్రాళ్లు మొదటి మూడు నెలలు దెబ్బతినేది ఒంటితో కాదు, ఉస్తాద్ చెప్పిన ఆర్డర్ అర్థంకాక.

టాటూ మాత్రం వద్దు. సైన్యంలో శాశ్వత టాటూ మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, లేదా అరచేతి వెనకవైపు మాత్రమే ఒప్పుకుంటారు. గిరిజనులకు వాళ్ల ఆచారం ప్రకారం మినహాయింపు ఉంది, నీకు వర్తించదు. భుజం మీద వేయించుకుంటే సెలక్షన్ రోజున చొక్కా విప్పగానే ఇంటికి పంపిస్తారు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఆ డబ్బు పోతే పోనీ.